రేకుల షెడ్డుకి అటూ ఇటూ

ఆ రోజుల్లో పొగ తాగేవాడికి లోకంలో ఇంకా కాస్త చోటుండేది. విమానంలో వెనక వరసల్లో కూర్చుని, ముందు వరసల వాళ్ల మీదికి పొగ వదులుతూ సముద్రాలు దాటి వచ్చిన తరం మాది. ఆ చోటు ఏడాదికింత చొప్పున తగ్గిపోవడం కూడా నా కళ్లతోనే చూశాను. ఆఫీసు గదిలోంచి ఇంటి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి కారులోకి జరుగుతూ జరుగుతూ పోయి, చివరికి పెరటి మూల, గడ్డి కోసే మిషన్ పెట్టుకునే రేకుల షెడ్డు వెనక తేలాను. అక్కడ నాకు జరిగిన సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా కోప్పడేవాళ్లు లేరు కనక చెబుతున్నాను.

బ్రిస్బేన్ దగ్గరి టూవూంబాలో లెక్చరరుగా చేరేనాటికి నాకు ఇరవయ్యేడేళ్లు. మనిషిని చూస్తే మాత్రం ఇరవై దాటాయని ఎవరూ అనుకునేవారు కాదు. మీసం కూడా మొహమాటంగా మొలిచిన ముఖం నాది. మొదటి రోజు క్లాసులోకి అడుగుపెట్టగానే, ముందు బెంచీలో కూర్చున్న ఒక కుర్రాడు (స్టేషన్ అని పిలిచే పెద్ద పశువుల ఫారం నుంచి వచ్చినవాడు, నాకు రెండింతలుంటాడు) తన సంచీ పక్కకు జరిపి, "సిట్ హియర్ మైట్, లెక్చరర్ ఇంకా రాలేదు" అన్నాడు (మేట్ అనే మాటని అక్కడ అలాగే పలుకుతారు). థాంక్స్ చెప్పి కూర్చోబోయాను కూడా. ఆ శనివారమే ఊళ్లోకి వెళ్లి పైపు కొన్నాను. మా డిపార్ట్‌మెంటులో పెద్ద ప్రొఫెసర్లిద్దరూ పైపు తాగేవారు. వాళ్లు పైపు నోట్లోంచి తీసేదాకా ఎదుటివాళ్లు ఓపిగ్గా ఆగడం గమనించాను. నాకు కావలసింది ఆ ఆగడమే.

పొగాకు కొట్టు పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో తాగుతావా, బయట తాగుతావా?" అని అడిగాడు. పెళ్లి సంబంధం మాట్లాడేవాడిలా ఉంది ఆయన వాలకం. ఇంట్లో తాగేవాడికైతే వెడల్పు మూతి పైపు, తీపి వాసన పొగాకు, తీరుబడి. బయట తాగేవాడికైతే మూతపెట్టిన లోతు పైపు, ఘాటు పొగాకు, గాలికి వీపు పెట్టడం తెలిసుండడం. గాలిలో తాగితే నిప్పు రాజుకుపోయి నాలుక చురుక్కుమంటుందనీ, పొగాకు రుచి తెలియాలంటే నాలుగు గోడలుండాలనీ చెప్పాడు. "ఇంట్లోనే" అన్నాను ధీమాగా. నాకు సొంత ఆఫీసు గది ఉంది, అద్దెదైనా ఒక ఇల్లుంది, అందులో చేతులున్న కుర్చీ ఉంది. ఇంకేం కావాలి?

మొదటి ఏడాది నిజంగా వైభవమే. పైపు ఆరకుండా ఉంచడం మాత్రం నాకు చేతనయ్యేది కాదు. స్టూడెంటు అడిగిన సందేహానికి జవాబు చెప్పేలోగా మూడు అగ్గిపుల్లలు గీసేవాణ్ణి. అయితేనేం, గదిలో వనిల్లా, ఎండిన రేగుపళ్ల వాసన కలిసి నిలిచేది. స్టూడెంట్లు కూడా ఆగేవారు (పైపు వల్ల కాదు, నా జాకెట్ మీద రవ్వ పడిందేమోనని చూడటానికని తరవాత తెలిసింది). రెండో ఏడు గది తలుపు మీద ఎర్రగీత కొట్టిన సిగరెట్టు బొమ్మ అంటించిపోయారు. సరే, ఇల్లుందిగా అనుకున్నాను. అదే నెలలో మా ఆవిడకు నెల తప్పింది.

మా ఆవిడ ఆసుపత్రి లాబ్‌లో పనిచేసేది. మామూలప్పుడే ఆమె ముక్కు చురుకు. ఇప్పుడు ఆ ముక్కు ఇల్లంతా ఏలడం మొదలుపెట్టింది. "కర్టెన్స్‌కి వాసన, కుషన్స్‌కి వాసన, ఆఖరికి ఇడ్లీకి కూడా నీ పైపు వాసనే. ఐ కాంట్ స్టాండ్ ఇట్. బేబీ వచ్చే ఇల్లిది, అవుట్‌సైడ్‌కి వెళ్లు" అంది. డాక్టరమ్మ కూడా అదే అన్నదట. ఇద్దరి మాటా ఒకటయ్యాక నేను మాట్లాడేదేముంది? వరండాలోకి మారాను.

మే నుంచి ఆగస్టు దాకా సాగే టూవూంబా చలికాలం గురించి తెలియనివాళ్లకు ఒక్కమాట చెప్పాలి. కొండ అంచున కూర్చున్న ఊరది. కింద బ్రిస్బేన్‌లో జనం పొట్టి లాగులతో తిరుగుతుంటే పైన మాకు పడమటి గాలి చెవులు కోసేస్తుంది. ఆ గాలికి నా వెడల్పు మూతి పైపు కుంపటిలా రాజుకునేది. రవ్వలు లేచి మా ఆవిడ అల్లిన స్వెటరుకు రెండు కన్నాలు పెట్టాయి. నాలుక పొక్కి వారంపాటు ఆవకాయ ముట్టలేదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. కారు ఇంట్లోదీ కాదు, బయటిదీ కాదు. డ్రైవ్‌వేలో ఉన్న పాత కారులో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తేసి, ప్రశాంతంగా వెలిగించాను. పది నిమిషాల్లో నాకు స్టీరింగు కూడా కనపడలేదు. పక్కింటి ముసలాయన (రోజంతా తోటలోనే ఉంటాడు కనక మేమాయన్ని గార్డెన్ తాత అనేవాళ్లం) ఆ పొగ చూసి, కారు తగలబడుతోందనుకుని, తోట తడిపే పైపు లాక్కుంటూ పరుగెత్తుకొచ్చాడు. నేను అద్దం దించడం, ఆయన పైపు మూతి తిప్పడం ఒక్కసారే జరిగాయి. నిలువునా తడిసి కూర్చున్న నన్ను చూసి, "యూ రైట్, మైట్?" అన్నాడు. "యా, యా, జస్ట్ స్మోకింగ్" అన్నాను. ఆయన చేతిలోని పైపునీ నా నోట్లోని పైపునీ మార్చి మార్చి చూసి, ఆయన తన పైపు కట్టేసి తోటలోకి వెళ్లిపోయాడు.

ఏడో నెలలో పురుడు పొయ్యడానికి మా అత్తగారు వచ్చారు. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున పల్లె వాళ్లది. మామగారు లేరు. పొలం, పశువులు, ముగ్గురు పిల్లల చదువులు అన్నీ తానే చూసుకున్న మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటారు. నేను గుంటూరువాణ్ణి కావడంతో ఆవిడ మాట నాకు సగం అర్థమయ్యేది, నా మాట ఆవిడకు సగం అర్థమయ్యేది. మిగిలిన సగాలు మర్యాదతో పూడ్చుకునేవాళ్లం. ఆ మర్యాద కూడా సామాన్యమైంది కాదు. అల్లుడు హాల్లో ఉంటే ఆవిడ కుర్చీలో కూర్చోరు. ఆవిడ ఎదురొస్తే నేను గోడకు అతుక్కుని దారిస్తాను. అలాంటి అత్తగారి ముందు నోట్లో పైపు పెట్టుకోవడమా? వరండాకు ఎదురుగా ఆవిడ గది కిటికీ. కనక వరండా కూడా పోయింది. మిగిలింది పెరటి మూల రేకుల షెడ్డు. ఆఫీసు నుంచి రాగానే, "లాన్ ఎలా ఉందో చూసొస్తా" అని వెళ్లి, షెడ్డుకి కంచె వైపు బోర్లించిన పాత పెయింటు డబ్బా మీద కూర్చునేవాణ్ణి. (ఆ చలికాలంలో మా లాన్ ఒక్క అంగుళం కూడా పెరగలేదు.)

అత్తగారు కూడా రోజుకి మూడుసార్లు పెరట్లోకి వెళ్లేవారు. "సూర్యుడికి దణ్ణమెట్టుకొస్తాను" అనేవారు. ఒకసారి వంటింటి కిటికీలోంచి చూశాను. షెడ్డు పక్కన, గోడకు ముఖం పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, పెదవులు బిగించి కదలకుండా నిలబడి ఉన్నారు. మౌనజపం కాబోలనుకున్నాను. భోజనం అయ్యాక జపం చెయ్యడం, అదీ సూర్యుడికి వీపు పెట్టి చెయ్యడం వాళ్ల వైపు ఆచారమేమో అనుకుని, ఆవిడ నిష్ఠకు లోపల దణ్ణం పెట్టుకున్నాను.

ఇంత దూరం జరిగినా ఇంట్లో నాకు తిట్లు తప్పలేదు, పైగా పెరిగాయి. "ఇంత స్మెల్ ఎలా వస్తుంది? లాండ్రీలో, టవల్స్‌లో, ఎక్కడ చూసినా! అదీ ఇదివరకటి స్వీట్ స్మెల్ కూడా కాదు, ఎండుటాకులు తగలబెట్టినట్టుంది. ఏం తాగుతున్నావ్ నువ్వు?" అనేది మా ఆవిడ. నేను పొగాకు మార్చాను. పిప్పరమెంట్లు నమిలాను. షెడ్డు దగ్గరే చొక్కా మార్చుకుని వచ్చాను. ఆఖరికి పంతం పట్టి నాలుగు రోజులు పైపు ముట్టుకోలేదు. ఐదో రోజు పొద్దున తువ్వాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "నిన్న రెండుసార్లు తాగావు, అవునా?" అంది. మానేసి నాలుగు రోజులైందంటే నమ్మలేదు. నాకు భయం వేసింది. రెండేళ్లుగా తాగిన పొగ ఎముకల్లోకి ఇంకి, ఇప్పుడు చెమటతో బయటికొస్తోందేమోనని లైబ్రరీలో ఒక వైద్యగ్రంథం కూడా తిరగేశాను. అలాంటి జబ్బు కనపడలేదు. తిట్లు జరుగుతున్నంతసేపూ అత్తగారు వంటింట్లో గిన్నె తోముతూనే ఉండేవారు. అదే గిన్నె, మళ్లీ మళ్లీ.

ఒక శుక్రవారం భోజనాల దగ్గర అత్తగారు తల దించుకుని, "నానెల్లిపోతానమ్మా, టికెట్టు మార్పించీయండి" అన్నారు. మా ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంకా ఐదు వారాలుంది పురుటికి. "ఏమైందమ్మా? ఎందుకు?" అని అడిగితే, "ఈ గాలి నాకు పడ్డం లేదు. నానుంటే మీకూ మంచిది కాదు" అని కంచం తీసుకుని లేచారు. మా ఆవిడ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వెళ్లే ముందు నన్నొక చూపు చూసింది. నీ పొగ భరించలేకే మా అమ్మ వెళ్లిపోతోందని ఆ చూపుకు అర్థం. పరాయి దేశంలో తొలి కాన్పు, పక్కన తల్లి లేకుండా నావల్లే అవుతుందంటే, ఆ పైపును కొండ అంచుకు తీసుకెళ్లి లోయలోకి విసిరేద్దామనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆఖరుసారి అనుకుని షెడ్డు వెనక్కి వెళ్లాను. డబ్బా మీద కూర్చుని, వీపు రేకుకు ఆనించి, వెలిగించాను. రెండు దమ్ములు లాగానో లేదో, వీపు వెనక, రేకుకు అవతల, ఎవరో దగ్గారు. గార్డెన్ తాత మా పెరట్లోకి ఎందుకొచ్చాడా అనుకుంటుంటే, ఎండుటాకులు తగలబెట్టినట్టు ఘాటైన పొగ మూల మీదుగా తిరిగి నా ముక్కుకి తగిలింది. ఆ పొగ నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఊరి బళ్లవాళ్ల దగ్గర వచ్చేది. చుట్ట పొగ.

"ఎవరూ?" అన్నాను.

అవతల ఎవరో గబుక్కున ఉమ్మిన చప్పుడు. తరవాత సన్నగా, "నానే బాబూ" అని వినిపించింది.

నేను లేవబోయాను. "రాకండి బాబూ, ఇటు రాకండి! మీ ఎదట నిలబడలేను" అన్నారు. నిజానికి నేనూ వెళ్లేవాణ్ణి కాను. నా నోట్లో పైపుంది. ఆవిడ అటు, నేను ఇటు, మధ్యన తుప్పుపట్టిన రేకు.

"తిట్లు మీరు తింతన్నారు, పొగ నాది" అన్నారు అత్తగారు. "పద్నాలుగేళ్లకి మొదలెట్టినాను. మానీమంటే మానలేకపోతన్నాను. చీరల మడతల్లో పెట్టి రెండు కట్టలు తెచ్చుకున్నాను. తాగొచ్చి మూతి ఆ తువ్వాలుకే తుడుసుకుంతన్నాను. అది మిమ్మల్ని తిడతావుంటే ఎలగుంటాది నాకు? అల్లుడు గారి సేత మాట పడించినానే అని రాత్తిరి నిద్దర లేదు. అందుకే ఎల్లిపోతానన్నాను."

"మీరు జపం చేసుకుంటున్నారనుకున్నానండీ" అన్నాను.

"జపమేటి బాబూ! అడ్డపొగ. నిప్పు నోట్లో ఉంటాది, మాటాడితే కాల్తాది."

నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని తాగడం వాళ్ల వైపు ఆడవాళ్లకు అలవాటని వినడమే తప్ప అంతవరకూ చూడలేదు. అంటే ఆ మౌనం, ఆ బిగించిన పెదవులు! నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే పొగ గొంతుకు అడ్డంపడి దగ్గు తెర వచ్చింది. నేను దగ్గుతుంటే అవతల నుంచి ఆవిడ, "మెల్లిగా, మెల్లిగా లాగండి. కొత్తా ఏటి?" అన్నారు. రెండేళ్లుగా పైపు తాగుతున్న నన్ను ఒక్క దగ్గులో పట్టేశారు.

"మీరు వెళ్లొద్దత్తయ్యా" అన్నాను. "నేను ఎలాగూ తిట్లు తింటున్నాను. ఒక పొగకైతే ఏం, రెండు పొగలకైతే ఏం? మీరు లేకపోతే అది తట్టుకోలేదు." రేకు అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. తరవాత, "మీ నాయనమ్మ కూడా తాగేవారా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. "అయితే మీకు ఎవరూ నేర్పనేదు. అందుకే అగ్గిపుల్లలన్ని పారేస్తన్నారు" అన్నారు. ఆ మాటతో ఆవిడ ఉంటున్నారని నాకు అర్థమైంది.

ఆ పూట నుంచి షెడ్డుకి చెరోవైపు మా స్థానాలు ఖాయమైపోయాయి. మూడో వారానికి ఆవిడ చుట్టలు నిండుకున్నాయి. నా పొగాకు కాస్త కాగితంలో పెట్టి మూల మీదుగా అందిస్తే, ఆవిడ చుట్టుకుని ఒక దమ్ము లాగి, "ఇదేటి బాబూ, పాయసం మాడ్చినట్టుంది!" అని ఆర్పేశారు. పొగాకు కొట్టుకి వెళ్లి, "మీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా ఘాటైనది కావాలి" అన్నాను. "నీకా?" అన్నాడు పెద్దమనిషి అనుమానంగా. "మా అత్తగారికి" అన్నాను. ఆయన బల్ల వెనక నుంచి లేచి నిలబడి మరీ ఒక లావుపాటి సిగార్ల పెట్టె తీశాడు. ఆ సిగారు చూసి అత్తగారు, "ఇది చుట్టా, రోకలా!" అన్నారు. విప్పి, మూడు చుట్టలుగా చుట్టుకున్నారు.

ఇంట్లో మా ఆవిడ నన్ను తిట్టబోతే ఇప్పుడు అత్తగారు అడ్డొచ్చేవారు. "ఆ బాబునేటీ అనకు. మగోడన్నాక ఏదో ఒకటుంటాది" అనేవారు. మా ఆవిడ నోరు తెరుచుకుని తల్లి వంక చూసేది. "అమ్మా, యూ ఆర్ టేకింగ్ హిస్ సైడ్!" అనేది. నేను తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. కొండ మీదికి మబ్బు దిగి ఊరంతా తెల్లగా కమ్మేసింది. షెడ్డు వెనక నిలబడే వీల్లేదు. మొదటి రోజు ఇద్దరం ఓర్చుకున్నాం. రెండో రోజు ఓర్చుకోలేక ఇంట్లో అటూ ఇటూ తిరిగాం. మూడో రోజు నేను గొడుగు వేసుకుని షెడ్డు తలుపు తీసేసరికి లోపల అత్తగారున్నారు. బయట వాన, లోపల ఆవిడ. ఏం చెయ్యాలో తోచక గుమ్మంలోనే తడుస్తుంటే, ఆవిడే గడ్డి మిషన్ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి, "రండి బాబూ, సూడను" అన్నారు. నేను పెయింటు డబ్బాల వైపు తిరిగి, ఆవిడకు వీపు పెట్టి నిలబడ్డాను. ఎన్నో నెలల తరవాత నాలుగు గోడల మధ్య పైపు వెలిగింది. రేకు మీద వాన చప్పుడు. ఆవిడ చుట్ట తీసి చేత్తో పట్టుకుని, చిన్నప్పుడు వానలో నాట్లు వేసేటప్పుడు నిప్పు ఆరకుండా అడ్డపొగ ఎలా నేర్చుకున్నారో చెప్పారు. "పిల్లల అయ్య పోయి పొలమంతా నా మీద పడినప్పుడు, నాకు నోట్లో ఈ ఎచ్చదనం ఒక్కటే తోడు బాబూ. ఎవులికీ కనపడదు కదా" అన్నారు. పిల్లల అయ్యంటే మా మామగారు. పైపు మాత్రం, ఆశ్చర్యం, ఆ రోజు ఒక్క అగ్గిపుల్లతో ఆఖరిదాకా వెలిగింది.

అప్పుడే షెడ్డు తలుపు ధడాలున తెరుచుకుంది. గొడుగు కూడా లేకుండా, పొట్ట రెండు చేతులా పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉంది. "ఎంతసేపు పిలవాలి? ఇట్స్ టైమ్! హాస్పిటల్‌కి..." అంటూ ఆగిపోయింది. తలుపులోంచి పొగ కట్టలు తెంచుకుని ఆమె మీదుగా బయటికి పోయింది. గడ్డి మిషన్ వైపు ముఖం పెట్టిన తల్లి, పెయింటు డబ్బాల వైపు ముఖం పెట్టిన మొగుడు. కంగారులో అత్తగారు చుట్ట తిప్పి నోట్లో పెట్టేసుకుని పెదవులు బిగించారు. చెవుల పక్క నుంచి సన్నగా పొగ వస్తూనే ఉంది.

"ఇద్దరూనా?" అంది మా ఆవిడ. అని, నొప్పికి ముఖం చిట్లించి, అదే ముఖంతో నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ, ఏడుస్తూ, తలుపు పట్టుకుని, "ఇద్దరూనా! తువ్వాలు... నాలుగు రోజులు మానేశానన్నావు, నిజంగా మానేశావా?" అంది. నిజమేనన్నాను. "సారీ" అంది. (పెళ్లయ్యాక మొదటిసారి విన్నాను ఆ మాట. సాక్షిగా అత్తగారు కూడా ఉన్నారు.) కారులో మాత్రం మా ఇద్దరి వైపు అద్దాలూ పూర్తిగా దించి కూర్చోమంది. ఆసుపత్రి చేరేసరికి అత్తగారి సగం చీర, నా సగం చొక్కా తడిసి ముద్దయ్యాయి. మేమిద్దరం స్నానాలు చేసి, పళ్లు తోముకుని, బట్టలు మార్చుకుని వచ్చేదాకా పిల్లని మా చేతికి ఇవ్వొద్దని ఆ నొప్పుల్లోనే నర్సుకు చెప్పి మరీ లోపలికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. అత్తగారు మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని తన మనవరాలు గుంటని అందుకున్నారు. నేను నాలుగుసార్లు.

ఇంకో మూడు నెలలుండి అత్తగారు వెళ్లిపోయారు. బ్రిస్బేన్‌లో విమానం ఎక్కించి వచ్చిన మర్నాటి సాయంత్రం, అలవాటుకొద్దీ షెడ్డులోకి వెళ్లి పైపు వెలిగించాను. వసంతం వచ్చేసింది. ఊరంతా పూలు, గాలి లేదు, వాన లేదు. పిల్లను ఎత్తుకుని మా ఆవిడ వంటింటి మెట్ల మీద నుంచే, "లోపలెందుకు నిలబడ్డావ్? వరండాలోకి రా, ఎవరున్నారిప్పుడు?" అంది. నిజమే, ఎవరూ లేరు. ఎక్కడైనా కూర్చోవచ్చు. అయినా ఆ డబ్బాల వైపు ముఖం పెట్టుకుని, వెనక్కి తిరక్కుండా, చాలాసేపు అలాగే నిలబడ్డాను.

ఆ తరవాత పైపు ఎప్పుడు మానేశానో కచ్చితంగా చెప్పలేను. మానేద్దామని ఒట్టేమీ పెట్టుకోలేదు. ఒకరోజు వెలిగించడం మరిచిపోయాను, మర్నాడు కూడా మరిచిపోయాను. ఇప్పుడెవరైనా దారిలో పైపు తాగుతూ కనపడితే (పదేళ్లకొకరు కనపడతారు) వాసనకని నాలుగడుగులు వెనకే నడుస్తాను. అలా నడిచేటప్పుడు, రేకుకు వీపానించి, వెనక నుంచి వచ్చే మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్న ఆ కుర్రవాడు, ఆనాటి నేను, గుర్తొస్తాడు. పొగ తాగడం వాడికి చివరిదాకా సరిగ్గా రాలేదు. వాణ్ణి పిలిచి, పొగాకు దండగ, ఊరికే కూర్చుని వినవోయ్ అని చెప్పాలనిపిస్తుంది.